తాండూరు బండల మీద ఎనిమిదో తరగతి

వికారాబాద్ పేరు విన్న రోజు నుంచే నాకు కొంచెం వికారంగా ఉంది. తప్పు ఊరిది కాదు, నాది. ఇరవై రెండేళ్లుగా మధిర దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. నా క్లాసులో వెనక కుర్చీ వేసుకుని కూర్చున్న అధికారులను చూసి వణకడం అలవాటే గానీ, ఆ కుర్చీలో నేనే కూర్చోవాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టారు. ఒక జిల్లా టీచర్లు ఇంకో జిల్లా బడులకు వెళ్లి పాఠం ఎలా సాగుతోందో, పిల్లలకు ఏమొస్తోందో చూసి రాయాలి. మా మండలం నుంచి నా పేరు వెళ్లింది. లెక్కల మాస్టారిని ఎవరూ లెక్క చేయరని ఇంట్లో వాపోతుండేవాణ్ణి. లెక్క చేసినా కష్టమేనని అప్పుడు తెలిసింది.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ సంచిలో స్వెటర్ పెడుతూ, "ఎవరి పొట్టా కొట్టి రాకండి" అంది. డిసెంబరు మొదట్లో అక్కడ చలి ఎక్కువని విన్నాం. ఆవిడ మాట విన్నాక నాకు చలి ఇంట్లోనే మొదలైంది.

వికారాబాద్: ఎనిమిది పేజీలు

మొదటి రోజంతా ఒక హాల్లో గడిచింది. ఎనిమిది పేజీల ఫారం ఇచ్చారు. పాఠ్య పథకం ఉందా, బోధనోపకరణాలు ఉన్నాయా, నోట్‌బుక్కులు దిద్దారా, నేల శుభ్రంగా ఉందా... ప్రతిదానికీ రెండు గళ్లు, ఒకటి 'ఉంది', రెండోది 'లేదు'. మధ్యలో మనిషి నిలబడడానికి జాగా లేదు.

మమ్మల్ని పంపే అధికారిణి నెమ్మదిగా మాట్లాడే మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చివర్లో ఒక మాట చెప్పారు. "పార్ట్ టైమ్ టీచర్లు ఉన్నచోట జాగ్రత్తగా రాయండి. వాళ్లను ఏప్రిల్ దాకా ఉంచాలా, ఇప్పుడే ఆపాలా అన్నది మీ కాగితం చూసే నిర్ణయిస్తాం."

నాకు ఇచ్చిన జాబితా చూసుకున్నాను. రెండో బడి, తాండూరు దాటాక కరణ్‌కోట దారిలో. ఎనిమిదో తరగతి, లెక్కలు. టీచరు పేరు అనసూయ. పక్కన బ్రాకెట్లో 'పార్ట్ టైమ్'. ఆ రెండు ముక్కలు చదివాక మధ్యాహ్నం పెట్టిన పులిహోర రుచి తెలియలేదు.

నాకు జతగా వేసిన వ్యక్తి సత్తయ్య గారు. మెదక్ వైపు సోషల్ మాస్టారు, వచ్చే ఏడాది రిటైరవుతారు. నా ముఖం చూసి వీపు మీద ఒకటి చరిచారు.

"గిట్ల చెమటలు పట్టిచ్చుకుంటె ఎట్ల తమ్మీ? ఫారం నింపుడుల ఏముంది? ఉంటె టిక్కు, లేకుంటె ఇంటూ."

"ఒక మనిషి ఉద్యోగం కదండీ."

"గందుకే టిక్కు పెట్టుమంటున్న. టిక్కు పెడితె ఎవ్వలు ఏడ్వరు."

సత్తయ్య గారి సిద్ధాంతంలో తప్పు కనిపించలేదు. నాకు నిద్ర కూడా కనిపించలేదు.

అనంతగిరి: ఒక ప్రశ్న

మర్నాడు మొదటి బడి పదిన్నరకు. తెల్లవారి ఖాళీ ఉందని సత్తయ్య గారు నన్ను అనంతగిరికి లాక్కుపోయారు. మంచు చెట్ల మీద నుంచి కిందికి జారుతోంది. పద్మనాభస్వామికి దండం పెట్టుకుని, మూసీ పుట్టిన చోటు చూశాం. హైదరాబాద్‌లో ఆ నదిని వంతెన మీద నుంచి ముక్కు మూసుకుని చూసినవాణ్ణి. పుట్టినచోట ఇంత తేటగా ఉంటుందంటే, పెంచినవాళ్ల మీద ఒక ఫారం నింపాలనిపించింది.

గుడి దారిలో టీ బండి. మా వైపు టీ అంటే పాలల్లో డికాషన్ కలుపుతారు. ఇక్కడ అల్లం దంచి, అన్నీ కలిపి మరిగిస్తూనే ఉంటారు. పది రూపాయల టీకి గొంతు పావుగంట మండింది. టీ పోసే పెద్దావిడ మా సంచుల్లో కాగితాలు చూసి ఆరా తీసింది.

"మీరు సార్లను పాస్ చేసెటోళ్లా, ఫెయిల్ చేసెటోళ్లా?"

"చూసి రాసేవాళ్లం అమ్మా."

"చూసుడుకు గింత దూరం వచ్చిన్రా కొడుకా! మా మనుమరాలిని అడిగితె చెప్తుండె, ఏ సారు మంచిగ చెప్తడు, ఏ సారు ఫోన్ల తల పెడ్తడు. పెద్ద పెద్దోళ్లు గా పోరగాండ్లను ఒక్కనాడన్న అడిగిన్రా?"

సత్తయ్య గారు నవ్వారు. నేను సంచిలోంచి ఫారం తీసి ఎనిమిది పేజీలూ తిరగేశాను. పిల్లల్ని అడగమని ఎక్కడా లేదు.

ఆ రోజు చూసిన మొదటి బడి గురించి చెప్పడానికేమీ లేదు. అన్నీ ఉన్నాయి. టిక్కులు పెట్టి, పెట్టిన ఉప్మా తిని వచ్చాం. పరిశీలనకు వచ్చానో, పరేషాన్ కావడానికి వచ్చానో తెలియని స్థితిలోనే తాండూరు రైలెక్కాను.

తాండూరు: పంటి కింద కంది

తాండూరులో గాలికి కూడా రాతి రుచి ఉంటుంది. పాలిషింగ్ యూనిట్లలో కోత మిషన్ల రొద, రోడ్డు పక్కన పలకల దొంతర్లు, చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. మా ఇంట్లో పరిచిన షాబాద్ బండలు ఇలాంటి చోట పుట్టాయని ఎరగను. ఇక్కడ వాటితో అరుగులు, గోడలు, పొలం కంచెలు, బస్సు కోసం కూర్చునే బల్లలు కూడా చేసుకున్నారు. మట్టి కన్నా రాయి చవకలా ఉంది.

సాయంత్రం కందిపప్పు కొందామని ఒక కొట్టు దగ్గర ఆగాం. ఇక్కడి పప్పుకు పేరుంది. ముసలి సేఠ్ గారు గుమ్మంలోకొచ్చి "బర్రి, బర్రి" అన్నారు. నన్ను చూసి బర్రె అన్నారేమోనని ఒక్క క్షణం నొచ్చుకున్నాను. నా నడక అలాగే ఉంటుంది కాబట్టి పూర్తిగా కాదనలేకపోయాను. 'రండి' అని కన్నడంలో పిలుస్తున్నారని సత్తయ్య గారు చెవిలో చెప్పారు. సరిహద్దు దగ్గర కదా, ఆ కొట్టులో మూడు భాషలు ఒకే తక్కెడలో తూగుతున్నాయి.

అంతలో ఒక రైతు గుప్పెడు కందులు నమూనా తెచ్చాడు. సేఠ్ గారు వాటిని అరచేతిలో పరిచి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికారు. ఇంకో గింజ. "ఇంకా రెండు రోజులు ఎండనియ్యి" అని పంపేశారు.

"అంతేనా పరీక్ష?" అన్నాను.

"ఇంకేముంటది సారు? కుప్పను చూస్తె అన్నీ మంచిగనే కనబడ్తయి. కొరికితెనే ఎరుక. గా మనిషి ముందల్నే కొరకాలె, పోయినంక ఎన్కసీరి కాదు. లేకుంటె నమ్మడు."

రాత్రి భోజనానికి జొన్నరొట్టె, పప్పు, పచ్చి ఉల్లిగడ్డ, నూరిన కారం. అన్నం తినే ప్రాంతం వాణ్ణి, రెండో రొట్టెకే దవడలు ధర్నాకు దిగాయి. వడ్డించే అమ్మాయి జాలిపడి, రొట్టెను పాలల్లో నానబెట్టి ఇచ్చింది. ఇక్కడ పసిపిల్లలకు అలా పెడతారట.

కరణ్‌కోట దారి: నా కుర్చీ కింద

బడి పేరు చెప్పను. బస్సులో సగం మంది సిమెంటు ఫ్యాక్టరీ పనివాళ్లు, సగం మంది మా రెండో బడి పిల్లలు. దిగేసరికి ప్రధానోపాధ్యాయుడు గేటు దగ్గరే ఉన్నారు. ఊళ్లో ఆయన్ని పెద్దసారు అంటారు. మంచి మనిషి, నాకన్నా ఎక్కువ భయపడుతున్నారు. ఇద్దరం ఒకరినొకరు చూసి బెదిరిపోతూ నమస్కారాలు చేసుకున్నాం.

"నేలలు చూడుండ్రి సార్, అద్దం తీరు కడిగిచ్చిన. మీ ఫారంల అడుగుతరని ఎరుకే" అన్నారు.

ఎనిమిదో తరగతి గదిలో బెంచీలు లేవు. అవి పదో తరగతికి వెళ్లిపోయాయి. నేలంతా తాండూరు బండలు, ఒక్కోటి రెండడుగుల చదరం. ఇరవై ఆరు మంది పిల్లలు బండకొకరు చొప్పున కూర్చున్నారు. అనసూయ టీచరుకు ముప్ఫై దాటి ఉండవు. చేతిలో ఎర్ర సుద్దముక్క. నా చేతిలో పెన్ను, ఆమె చూపంతా దాని మీదే.

ముందు నోట్‌బుక్కులు తెచ్చారు. ఇక్కడ వాటిని కాపీలు అంటారు. తిరగేశాను. అందమైన చేతిరాత, అన్నీ ఒప్పులు, ప్రతి పేజీ కింద సంతకం, తేదీ. ఇరవై ఆరు మందిలో ఒక్కరికీ ఒక్క తప్పూ లేదు. నా సర్వీసులో అలాంటి క్లాసు దొరకలేదు. తేదీలు చూశాను. ఒకటి సద్దుల బతుకమ్మ నాటిది. జీతం తేదీ మరిచినా సెలవు తేదీ మరిచే టీచరు ఉండడు. ఆ రోజు రాష్ట్రంలో ఏ బడీ తెరవలేదు.

పక్కకు వంగి సత్తయ్య గారికి చూపించాను. ఆయన పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టారు.

"నువ్వు చూడకుంటె ఎవ్వలు చూడరు. ఉన్నయని టిక్కు పెట్టు."

టిక్కు పెడితే దొంగ లెక్క. ఇంటూ పెడితే ఈ అమ్మాయి రేపటి నుంచి ఇంటికి. పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, చివరికి మూతనే కింద పడేసుకున్నాను. దానికోసం వంగితే ఒక ఆడపిల్ల నా ముందు నిలబడి ఉంది.

"సార్, జర లేస్తరా? మీరు నా బండ మీద కూసున్నరు."

"మానసా!" అని పెద్దసారు కసిరారు.

"కూర్చోడానికా తల్లీ? అటు పక్కన కూర్చోరాదూ?" అన్నాను.

"కూసునేటందుకు కాదు సార్. లెక్క చేసేటందుకు."

లేచి కుర్చీ జరిపాను. కడగడానికి వచ్చిన మనిషి కుర్చీని ఎత్తకుండా చుట్టూ కడిగినట్టుంది. ఆ ఒక్క బండ మీద మాత్రం సుద్దరాత మిగిలి ఉంది. మూలన 'మానస' అని పేరు, మూడు లెక్కలు. రెండోదాని మధ్య వరుస చుట్టూ ఎర్ర సున్నా. దాని కిందే సరిదిద్దిన లెక్క.

"ఇదేమిటి టీచర్?"

అనసూయ పెద్దసారు వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశారు.

"పిల్లలు బండ మీదనే చేస్తరు సార్. కాపీల చేస్తె తప్పైంది చింపేస్తరు, లేకుంటె చెయ్యి అడ్డం పెట్టి దాస్తరు. బండను చింపరాదు గద. తప్పు మీద సున్న చుట్టి పెడ్త. శనివారం దాంక ఎవ్వలు తుడువద్దు. శనివారం అందరం కలిసి కడుగుతం. ఈసారి..." అని ఆగిపోయింది.

ఈసారి బుధవారమే పెద్దసారు కడిగించారు. మా ఫారంలో నేల శుభ్రత గడి ఉందని. పిల్లలు చేసినదంతా మాకోసమే నీళ్లలో పోయింది.

"ఎప్పటిలాగే చెప్పండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బోర్డు మీద ఒక లెక్క రాసింది: 3(x − 2) = x + 8. అంతే, ఇరవై ఆరు మంది నేల మీదికి వంగారు. గదంతా సుద్ద గీసే చప్పుడు, చిక్కుడు గింజలు వలుస్తున్నట్టు. ఆమె వరుసల మధ్య నడుస్తోంది. కూర్చోదు, ఎవరి పేరూ పిలవదు. చూస్తూ పోతోంది, అక్కడక్కడ వంగి సున్నా చుడుతోంది. సత్తయ్య గారు ఏమనుకున్నారో, గోడ వారన ఖాళీ బండ దగ్గర చతికిలబడి ఒక సుద్దముక్క అడిగి తీసుకున్నారు.

నాలుగు నిమిషాల్లో ఏడుగురిని లేపి ఒక బండ చుట్టూ నిలబెట్టింది. ఏడుగురిదీ ఒకటే తప్పు. మూడుతో xను గుణించి, రెండును వదిలేశారు.

"మూడు ఎవరింటికి పోతున్నదిరా?"

"బ్రాకెట్ ఇంటికి టీచర్."

"ఇంట్ల ఎంతమందున్నరు?"

"ఇద్దరు."

"పెండ్లికి పిలువవోయి ఒక్కలకే బొట్టు పెట్టి వస్తె రెండోళ్లు అలుగరా?"

పిల్లలు నవ్వుతూ సుద్దలు అందుకున్నారు. అప్పుడామె ఎనిమిదో సున్నా చుట్టింది, సత్తయ్య గారి బండ మీద. చుట్టాక గానీ ఎవరిదో చూసుకోలేదు. "అయ్యో సార్!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన తన లెక్కను తేరిపార చూసి, "నేను గూడ రెండోళ్లకు బొట్టు పెట్టలేదు బిడ్డా" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. పెద్దసారు ఒక్కరే నవ్వలేదు.

భోజనాల దగ్గర అనసూయను పక్కకు పిలిచాను. ఊరు కుల్కచర్ల అట. తండ్రికి గొర్రెల మంద ఉంది.

"ఈ పద్ధతి ట్రైనింగులో నేర్చుకున్నారా?"

"లేదు సార్. మా నాయిన సాయంత్రం గొర్లు వచ్చినప్పుడు లెక్కబెట్టడు. నిలవడి నడక చూస్తడు. కుంటె దాన్ని పట్టుకుంటె చాలు, మిగిలినయి వాటంతటవే పోతయి అంటడు. గదే చేస్తున్న."

"నోట్‌బుక్కుల మీద సంతకాలు?"

"నావి కావు. పెద్దసారు మంచికే చేసిండు, నన్ను తీసేస్తరని భయపడ్డడు. రెండు దినాలు పిల్లలతోని గైడ్ల నుంచి ఎక్కిచ్చిండు. మీరు ఏం రాసినా సరే. గా కాపీలు నేను దిద్దిన అని మాత్రం రాయకుండ్రి."

"రాయకపోతే ఏమవుతుందో తెలుసా?"

"తెల్వకుండ ఉంటదా సార్?" అని పళ్లెంలో గుడ్డును ఓ పక్కకు జరిపింది. తినలేదు. నేనూ తినలేదు.

మళ్లీ వికారాబాద్

తిరుగు రైల్లో పదిసార్లు ఫారం తీశాను. చివరికి 'నోట్‌బుక్కులు దిద్దారా' అన్నచోట 'లేదు' గడిలో టిక్కు పెట్టాను. పక్కన ఖాళీ లేక, పేజీ వెనక్కి తిప్పి రాశాను: పిల్లల పని నేల మీద ఉంది, తప్పు ఎక్కడో టీచరుకు నాలుగు నిమిషాల్లో తెలుస్తోంది, మేము వస్తున్నామని కడిగేశారు, చూపిన నోట్‌బుక్కులు ఆమెవి కావు. పెద్దసారు పేరు రాయలేదు. అది మంచితనమో పిరికితనమో ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు అధికారిణి ముందు వరుసగా కూర్చున్నాం. నా కాగితం తిప్పి చదివారు.

"నేల మీద ఉందంటున్నారు. ఫొటో ఉందా?"

పిల్లల ఫొటోలు తీయొద్దని ముందే చెప్పారు కాబట్టి తీయలేదు. ఆ మాట చెప్పాల్సింది. "లేదు మేడమ్" అని మాత్రం వచ్చింది.

"నోట్‌బుక్కులు లేవు, ఫొటో లేదు, నేల కడిగేశారు. నేను ఏం చూసి ఆమెను ఉంచమని రాయను మాస్టారూ?"

ఇరవై రెండేళ్లుగా ఎదుటివాళ్లకు మెట్టు మెట్టుగా చెప్పడమే నా పని. ఆ పూట ఒక్క మెట్టూ ఎక్కలేకపోయాను. అప్పుడు పక్క కుర్చీ కిర్రుమంది.

"నేను చూసిన మేడం" అన్నారు సత్తయ్య గారు. "చూసుడు కాదు, చేసిన. నాది తప్పువోయింది. తనిఖీకొచ్చిన సారని గూడ చూడలే, ఎర్ర సున్న చుట్టింది. ముప్పై ఐదేండ్ల సర్వీసుల నా తప్పు నాకు చూపిచ్చిన తనిఖీ గదొక్కటే. ఇగో, నేను గూడ సంతకం పెడ్తున్న."

టిక్కు పెడితే ఎవ్వలు ఏడ్వరన్న మనిషి, నా 'లేదు' కిందే సంతకం పెట్టారు. అధికారిణి కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. "పంపుతాను. పైన ఏమంటారో చెప్పలేను" అన్నారు.

మధిర

ఇల్లు చేరాక కందిపప్పు మా ఆవిడకు నచ్చింది. ఏం జరిగిందని అడిగితే, ఇంకా తెలియదన్నాను. మూడు వారాలు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. ఫోన్లో అప్పులు అంటగట్టే కంపెనీలకు కూడా వినయంగా జవాబిచ్చాను.

నిన్న సాయంత్రం అనసూయే ఫోను చేసింది.

"ఉంచిన్రు సార్, ఏప్రిల్ దాంక. మా నాయిన మీకు దండం చెప్పమన్నడు."

కుర్చీలో వెనక్కి వాలాను. ఇన్ని రోజులకు ఊపిరి కింది దాకా వెళ్లింది.

"కాని ఒక షరతు పెట్టిన్రు" అంది. "రోజూ చేసిన లెక్కలన్ని కాపీల ఎక్కియ్యాలంట. నెలనెల వచ్చి చూస్తరంట. అందుకే ముందల బండ మీద చేస్తున్నరు, ఎన్కసీరి కాపీల ఎక్కిస్తున్నరు. పీరియడ్‌ల అయిదు లెక్కలు అయ్యేటియి, ఇప్పుడు మూడే అయితున్నయి."

'లేదు' గడిలో టిక్కు పెట్టిన చెయ్యి నాదే. ఆ షరతు ఎక్కడి నుంచి పుట్టిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మరి మిగిలిన రెండు?"

"బడి విడిచినంక చేపిస్తున్న సార్. ఊరోళ్లు ఉంటున్నరు. బస్సుకు పోయేటోళ్లు పోతున్నరు. గా బస్సు తప్పితె మల్ల ఏడింటికి గద."

ఆ రోజు ఒకే తప్పు చేసి లేచి నిలబడిన ఏడుగురిలో బస్సు పిల్లలు ఎందరని అడగబోయాను. అడగకముందే ఆమె చెప్పింది.

"గా ఏడుగుర్ల అయిదుగురు బస్సుకే పోతరు సార్."